కృతజ్ఞత కూడికకి ముప్ఫై కుర్చీలు

కుర్చీలు వచ్చేశాయి.

వద్దని ఎవరూ ఫోన్ చెయ్యలేదు కాబట్టి వచ్చేశాయి. ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి మూడో అంతస్తు దాకా మోసుకొచ్చిన మనిషి రొప్పుతూ గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఏం శుభకార్యమండీ అని అడిగాడు. అన్నయ్య చీటీ మీద సంతకం గీకేసి తలుపు మూసేశాడు.

శనివారం మధ్యాహ్నం రెండయింది. నాలుగింటికి మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. ఏడేళ్ళ తర్వాత మా వదినకి కడుపు పండినందుకు మా చర్చి సంఘమంతా వచ్చి దేవుడికి థాంక్స్ చెప్పాలి.

మంగళవారం ఆ కడుపు పోయింది.

ఆ ముక్క మా నలుగురికీ, ఆస్పత్రి వాళ్ళకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. మంగళవారం చెప్పొచ్చు. బుధవారం చెప్పొచ్చు. గురువారం పాస్టరు అయ్యగారే ఫోన్ చేసి ఏర్పాట్లు ఎలా ఉన్నాయమ్మా అని అడిగారు, అప్పుడైనా చెప్పొచ్చు. అమ్మ బాగున్నాయండీ అని పెట్టేసింది. అలా ఒక్కో రోజూ జారిపోయి, ఇదిగో, కుర్చీల దాకా వచ్చింది.

అమ్మ తడిగుడ్డ తీసుకుని కుర్చీలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది. అవి శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుస్తోంది.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. ఇప్పుడు చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మూడు వారాల కిందట ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. ఏ డాక్టరు వల్లా కానిది నా ప్రభువు వల్ల అయింది అంది. సంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అక్కడికక్కడే కూడికకి తేదీ పెట్టేశారు. ఆరో వారంలోనే ఇంత హడావిడేంటని ఆ రోజు సాయంత్రం అన్నయ్య అమ్మని ఆటపట్టించాడు కూడా. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు ఏదో అన్నారట అని. వదిన పడీపడీ నవ్వింది. ఆలి ఉంది, చూలు ఉంది, ఇక పేరొక్కటే బాకీ అంది.

ఇప్పుడు ఆ సామెత తలుచుకుంటే నాకు నాలుక కొరుక్కోవాలనిపిస్తోంది. అన్నది నేను కాకపోయినా.

"అమ్మా, అయ్యగారికి ఫోన్ చెయ్యనా?" అన్నాను. పొద్దున్నుంచీ ఇది మూడోసారి.

"ఏమని చెప్తావే?"

"జరిగింది చెప్తా."

"జరిగింది చెప్తే ఏం జరుగుతుందో తెలుసా నీకు?" అమ్మ తల ఎత్తలేదు. గుడ్డ పిండి మళ్ళీ ఇంకో కుర్చీ పట్టుకుంది. "ఆ రోజు నా సాక్ష్యం విని ఎంతమంది మోకాళ్ళ మీద పడ్డారో చూశావుగా. పిల్లల్లేక ఏడుస్తున్నవాళ్ళు, పెళ్ళిళ్ళు కాక కూర్చున్నవాళ్ళు, రోగాలతో ఉన్నవాళ్ళు. వాళ్ళ దగ్గరికెళ్ళి, అదేం లేదర్రా, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నాడు అని చెప్పనా? వాళ్ళేమైపోతారు?"

"వాళ్ళ గురించా, నీ పరువు గురించా?"

అమ్మ చెయ్యి ఆగింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"నా పరువు కాదే," అంది మెల్లగా. "దేవుడి పరువు."

"దేవుడి పరువు మనం కాపాడాలా అత్తయ్యా?"

వదిన గొంతు. పడకగది గుమ్మంలో నిలబడి ఉంది, ఎప్పటినుంచి ఉందో తెలియదు. మంగళవారం నుంచి అదే నైటీ, దాని మీద అన్నయ్య పాత స్వెట్టరు. ఎండ మండిపోతుంటే స్వెట్టరు.

అమ్మ చేతిలో గుడ్డ వదిలేసి లేచింది. నువ్వు లేవకమ్మా, పడుకో, డాక్టరమ్మ నడుం వాల్చమంది కదా అంది. నీకు నీరసంగా ఉందని వాళ్ళకి నేను చెప్తాను, నువ్వు బయటికి రానక్కర్లేదు, ఒక నెల పోనీ, నేనే ఒక్కొక్కళ్ళకీ మెల్లగా చెప్పుకుంటాను అంది.

వదిన అంతా విన్నది. మధ్యలో అడ్డు రాలేదు. ఆవిడ అలాంటిదే. ఆస్పత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పని, ఎంత గడ్డు రిపోర్టయినా చివరి గీత దాకా చదివి గానీ నోరు తెరవదు.

"అంటే ముప్ఫైమంది వచ్చి, నా బిడ్డ ఉందని పాటలు పాడతారు," అంది. "నేను గోడకి ఇవతల పడుకుని వినాలి."

వంటింట్లో కుళాయి కారుతోంది.

అప్పుడు అన్నయ్య నోరు తెరిచాడు. ఎందుకు తెరిచాడో ఆ దేవుడికే తెలియాలి.

"గంట సేపే కదా," అన్నాడు.

వదిన అన్నయ్య వైపు చూసింది. కోపంగా చూసినా బాధ ఉండేది కాదు. ఈయన ఎవరు, ఈ ఇంట్లో ఏం చేస్తున్నారు అన్నట్టు చూసింది. తర్వాత తలుపు వేసుకుంది. విసురుగా కాదు. పాపాయి నిద్రపోతున్న గది తలుపు వేసినట్టు, చప్పుడు కాకుండా.

మా అన్నయ్య చెడ్డవాడు కాదు. లిఫ్ట్ మెకానిక్కు. పొద్దున లేచి ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసి, రాత్రికి లిఫ్టే లేని బిల్డింగులో మూడు అంతస్తులు ఎక్కి వస్తాడు. ఆ ఒక్క జోకు మీద ఇల్లంతా ఏడేళ్ళు బతికాం. మంగళవారం కూడా అలాగే ఎక్కి వచ్చాడు, వచ్చేసరికి అంతా అయిపోయింది. సోమవారం ల్యాబులో వదిన తన రక్తం తనే తీసుకుని తనే పరీక్ష చేసుకుందట. గర్భం నిలిచిందని చెప్పే హార్మోను, అంతకుముందు గురువారం ఉన్న అంకెలో సగం కూడా లేదట. ఆ అంకె తనే టైపు చేసి, తనే ప్రింటు తీసి, మిగతా వాళ్ళ రిపోర్టులన్నీ పూర్తిచేసి గానీ సీట్లోంచి లేవలేదట. ఇది నాకు ఆవిడ చెప్పలేదు. వాళ్ళ ల్యాబు అమ్మాయి చెప్పింది.

అన్నయ్య కుర్చీలు వరసగా వేస్తున్నాడు. ఆరు, ఆరు, ఆరు. నడవడానికి దారి వదులుతున్నాడు. ఎవరి కోసమో.

*

మూడింటికి బెల్లు మోగింది. గంట ముందే ఎవరా అని తలుపు తీస్తే టీచరమ్మ.

మా చర్చిలో పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పేది ఆవిడే. లెక్కల టీచరు. నలభై రెండేళ్ళు, పెళ్ళయి పదిహేనేళ్ళు, పిల్లల్లేరు. ఎవరి పిల్లలు కనబడినా ముక్కు తుడిచే మనిషి. చేతిలో పేపరు కప్పుల పొట్లం. కప్పులు సర్దడానికి తొందరగా వచ్చానే అంది నాతో, కానీ కళ్ళు పడకగది తలుపు మీదే ఉన్నాయి.

"చెల్లెమ్మ పడుకుందా? లేపకులే. ఒక్కసారి చెయ్యి పట్టుకుని వెళ్దామని."

అమ్మ వంటింట్లోకి తప్పుకుంది. టీ నీళ్ళు పెట్టాలి అంది. మా అమ్మ ఒకరిని తప్పించుకుని పోవడం నేను పుట్టాక అదే మొదటిసారి చూడటం.

నేను టీచరమ్మతో కప్పులు సర్దుతున్నాను. ఆవిడ ముఖంలో ఏదో వెలుగు, దాచుకోలేని సంతోషం. కాసేపు ఆగి తనే బయటపడింది. ఈ నెలలో ఆస్పత్రిలో ఆవిడ గర్భంలో పిండాన్ని ప్రవేశపెట్టాలట. అన్నీ సిద్ధం చేశారట, రెండు వారాలుగా రోజూ సూదులు. నెల కిందట ఆ మాట చెప్పినప్పుడు భయంగా చెప్పింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతోంది.

"సోమవారం నుంచి సూదులు మానేశానే," అంది.

నా చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

"మీ అమ్మగారి వీడియో చూశాక మానేశాను. ఆ ఆదివారం నాకు పరీక్షల డ్యూటీ, ఆరాధనకి రాలేకపోయాను. వీడియో మాత్రం ఎన్నిసార్లు చూశానో. ఏ డాక్టరు వల్లా కానిది అన్నారు చూడు, అది నాకోసమే అన్నట్టు అనిపించింది. ఒక పక్క నమ్ముతున్నానని చెప్పి ఇంకో పక్క సూది పొడిపించుకుంటే అది ఏం నమ్మకం? మీ ఆయన ఏమన్నారు అంటావేమో, ఆయనకి ఇంకా చెప్పలేదు. ఈ రోజు కూడికలో అందరి ముందూ చెప్దామని."

ఇక్కడ నా సంగతి చెప్పాలి.

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. రోజంతా జరిగిన పెళ్ళిని నాలుగు నిమిషాలకి దింపడం నా పని. అందుకే ఇంట్లో నా పేరు కత్తెర. చర్చి వీడియోలు కూడా నేనే చేస్తాను, ఊరికే, ప్రేమతో. సాక్ష్యం వీడియో రెండు నిమిషాలు దాటకూడదని రూలు. దాటితే ఎవరూ చూడరు. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

ఆ ఆదివారం అమ్మ చెప్పాక మైకు వదిన తీసుకుంది. ఎనిమిది నెలలు ఇంజెక్షన్లు చేయించుకున్నానండీ, మా డాక్టరమ్మ చాలా ఓపిగ్గా చూశారు, ఆవిడ చేతుల్ని కూడా దేవుడే వాడుకున్నాడు అంది. మొత్తం మూడు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. వదిన గొంతు చిన్నది, వెనకాల చప్పట్ల గోల, మాట సరిగ్గా వినబడటం లేదు. అమ్మ ముక్క గంటలా ఖంగుమంటోంది. నేను ఏం ఆలోచించలేదు. నిజంగా ఏం ఆలోచించలేదు. వదిన ముక్క ఎత్తేశాను.

అందరూ బాగుందన్నారు. నేను పొంగిపోయాను.

టీచరమ్మ కప్పులు ఆరేసి చొప్పున పేరుస్తోంది. నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. ఇప్పుడే వస్తానని పడకగది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

*

వదిన కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను గబగబా చెప్పేశాను, ముందు వెనకలు లేకుండా, ఏడుస్తూ. సూదులు, వీడియో, రెండు నిమిషాలు, ఎత్తేసిన ముక్క. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఎప్పుడు మానేశారంది?"

"సోమవారం."

వేళ్ళ మీద లెక్కపెట్టింది. కళ్ళు మూసుకుంది. అర్థమైపోయింది నాకు. ఆ లెక్కలు ఆవిడకి తెలిసినంతగా మా ఎవరికీ తెలియవు.

నన్ను తిడుతుందని ఎదురుచూశాను. నా తల మీద చెయ్యి పెట్టి పక్కకి జరిపింది, దారికి అడ్డంగా ఉన్నానని. లేచి ముఖం కడుక్కుంది. స్వెట్టరు విప్పింది. బీరువాలోంచి తెల్ల చుడీదారు తీసుకుంది. ల్యాబుకి వేసుకెళ్ళేది.

"వదినా, నువ్వేం చెప్పక్కర్లేదు. నేను చెప్తాను. తప్పు నాది."

"నీ తప్పు నువ్వు చెప్పుకో," అంది జుట్టు ముడేసుకుంటూ. "నా బిడ్డ సంగతి నేను చెప్పుకుంటాను."

బయటికి వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ టీ గిన్నె ముందు నిలబడి ఉంది. నీళ్ళు మరిగి మరిగి సగమైపోయాయి, ఇంకా ఆకు వెయ్యలేదు.

"అత్తయ్యా, మీరు చెప్తారా, నేను చెప్పనా?"

అమ్మ గిన్నెలోకే చూస్తోంది. వదిన స్టవ్ కట్టేసి, హాల్లోకి వెళ్ళి, మొదటి వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. టీచరమ్మ పరుగున వచ్చి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

వదిన ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

*

నాలుగు కొట్టేసరికి హాలు నిండిపోయింది. వందనాలు, వందనాలు అంటూ ఒక్కొక్కళ్ళే వచ్చారు. గుమ్మం ముందు చెప్పుల గుట్ట. అయ్యగారు వచ్చి వదినని చూసి, లేవకమ్మా లేవకు అని చెయ్యి చూపించారు. ఆయన వయసు అరవై దాటింది. ఏ ఇంటికి వెళ్ళినా ఆ ఇంటికి తగ్గ బైబిలు వాక్యం జేబులో ఉన్నట్టే మాట్లాడతారు.

రెండు పాటలయ్యాయి. వదిన పెదాలు కదపలేదు. అన్నయ్య వెనక గోడకి ఆనుకుని పాదాల వైపు చూస్తున్నాడు. అమ్మ వంటింటి గుమ్మం దాటి రాలేదు.

ఇప్పుడు మన అమ్మగారు సాక్ష్యం చెబుతారు అన్నారు అయ్యగారు.

అమ్మ కదల్లేదు. సిగ్గుపడుతోందనుకుని ఎవరో నవ్వారు కూడా. మా అమ్మకి సిగ్గేంటని ఇంకెవరో అన్నారు. అంతలో వదిన లేచి నిలబడింది.

ఆవిడ చెప్పింది చాలా చిన్నది. ల్యాబులో రిపోర్టు చదివినట్టే చెప్పింది. ఎనిమిది నెలలు మందులు వాడాను, సూదులు చేయించుకున్నాను. అది నేను దాచలేదు, ఆ రోజు మైకులో చెప్పాను, వీడియోలో లేదు. గర్భం వచ్చింది, నిజమే. తొమ్మిదో వారం దాకా ఉంది. మంగళవారం పోయింది.

"మీరందరూ కృతజ్ఞత చెప్పడానికి వచ్చారు," అంది. "నేను చెప్పలేనండీ. ఇంకో రోజు చెప్తానేమో, తెలియదు. ఈ రోజు మాత్రం నా బిడ్డ కోసం ఏడవడానికి ఎవరైనా ఉంటే ఉండండి. లేకపోతే వెళ్ళినా నేనేం అనుకోను."

కూర్చుంది.

ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. సంఘపెద్ద భార్య మాత్రం పక్కావిడ వైపు వంగి, విశ్వాసం ఎక్కడో సడలి ఉంటుంది పాపం అంది. గుసగుసే. కానీ ఆ నిశ్శబ్దంలో ముప్ఫైమందికీ వినబడింది.

అయ్యగారు ఆవిడ వైపు చూడలేదు. ఏదో వాక్యం తీయబోయినట్టు పుస్తకం తెరిచారు, కాగితాలు తిప్పారు, మళ్ళీ మూసేశారు.

"నా దగ్గర మాట లేదమ్మా," అన్నారు వదినతో. "ఉన్నట్టు నటించను." అని కుర్చీ దిగి, ఆ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, నేల మీద కూర్చున్నారు.

వెనక వరసలో ఎవరో ఏడ్చారు. తర్వాత ఇంకొకరు. మా హాల్లో అంతమంది ఉండి పాట లేకుండా, ప్రసంగం లేకుండా, ఊరికే కూర్చోవడం అదే మొదలు. ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు, సంఘపెద్ద భార్య కూడా. మిగతావాళ్ళు ఉన్నారు.

నేను టీచరమ్మ ముందు మోకరించాను. వీడియోలో ఆ ముక్క తీసేసింది నేనేనండీ అన్నాను. ఆవిడకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నన్ను ఏమీ అనలేదు. వదిన వైపు తిరిగి, లెక్కల టీచరు కదా, ఒక్కటే అడిగింది.

"ఆరు రోజులైంది చెల్లెమ్మా. మళ్ళీ మొదలుపెడితే సరిపోతుందా?"

వదిన సరిపోతుందని అబద్ధం చెప్పొచ్చు. ఆ హాల్లో అప్పుడు ఎవరైనా చెప్పేవాళ్ళే.

"ఈ నెలకి కుదరదక్కా," అంది. "తర్వాత సంగతి డాక్టరు చెప్పాలి. సోమవారం మీతో నేనొస్తాను."

టీచరమ్మ తల ఊపింది. ఊపుతూనే ఉంది. ఇప్పటిదాకా వదిన చెయ్యి ఆవిడ ఒళ్ళో ఉంది, ఇప్పుడు ఆవిడ చేతులు రెండూ వదిన చేతిలో ఉన్నాయి. ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నాకు తెలియలేదు.

ఇళ్ళలో కూడిక జరిగితే ముగింపు ప్రార్థన ఆ ఇంటి పెద్దే చెయ్యాలి. అది మా సంఘంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అయ్యగారు చాలాసేపటి తర్వాత తల ఎత్తి, అమ్మా, మీరు ముగించండి అన్నారు.

అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అమ్మ గుమ్మం చెక్క పట్టుకుని నిలబడి ఉంది. పెదాలు కదిలాయి.

"నావల్ల కాదు అయ్యగారూ," అంది.

తలలు లేచాయి.

"మంగళవారం నుంచి నాకు ప్రార్థన రావడం లేదు. పొద్దున్నే మోకాళ్ళ మీద ఉంటున్నాను. గంట ఉంటున్నాను. నోట్లోంచి ఒక్క మాట రావడం లేదు. ఈ పిల్లకి ఉన్నపాటి నమ్మకం కూడా నాకు లేదు. నన్ను సమాజం పెద్దరికం నుంచి తీసెయ్యండి."

ఆ మాట అనేసి, ఎవరినీ చూడకుండా, హాలు మధ్య అన్నయ్య వదిలిన దారిలోంచి నడిచి తన గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది.

*

రాత్రి అమ్మ తలుపు తియ్యలేదు. కంచం గుమ్మం ముందు పెట్టాను, పెట్టింది పెట్టినట్టే ఉంది.

తెల్లారింది. ఆదివారం.

మా ఇంట్లో ఆదివారం అంటే ఏడుకల్లా అమ్మ తయారై, ఇంకా లేవలేదా మొద్దుల్లారా అని తలుపులు బాదడం. నాకు పదేళ్ళప్పుడు నూట మూడు జ్వరంలో కూడా వదల్లేదు, చర్చిలో చివరి బెంచీ మీద పడుకోబెట్టింది. ఆ ఆదివారం ఎనిమిదయినా ఆ గదిలోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు.

వదిన తయారై వచ్చింది. చర్చికి వస్తుందని నేను అనుకోలేదు. అన్నయ్య కూడా అనుకోలేదని వాడి ముఖం చెబుతోంది. రాత్రంతా వాళ్ళ గదిలో మాటలు వినబడలేదు. పోట్లాడుకున్నా బాగుండేది అనిపించింది.

అన్నయ్య బండి తాళాలు తీసుకుని, టైమైంది, వెళ్దామా అన్నాడు. వదిన అమ్మ గది ముందుకి వెళ్ళింది. రెండుసార్లు మెల్లగా తట్టింది.

"అత్తయ్యా, చర్చికి వెళ్తున్నాం. వస్తారా?"

జవాబు లేదు.

"ప్రార్థన చెయ్యక్కర్లేదు. ఊరికే నా పక్కన కూర్చోండి. నాకు కూడా రావడం లేదు."

జవాబు లేదు. వదిన కొత్త బట్టల్లోనే, తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. మీరు వెళ్ళండి, నేను ఉంటాను అంది మాతో. నేను కూడా కూర్చోబోయాను. వద్దని కళ్ళతోనే చెప్పింది.

మేమిద్దరం గుమ్మం దాకా వెళ్ళాం. నేను చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడు వినబడింది, తలుపు వెనక నుంచి అమ్మ గొంతు. ఎంత సన్నగా ఉందంటే, అది మా అమ్మ గొంతని నమ్మడానికి నాకు ఒక క్షణం పట్టింది.

"మంగళవారం బాగా నొప్పి వచ్చిందా అమ్మా నీకు?"

వదిన తల తలుపుకి ఆనిపోయింది. చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. మమ్మల్ని వెళ్ళిపొమ్మని రెండో చెయ్యి ఊపింది.

మేం బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాం. ఆవిడ ఏం చెప్పిందో మాకు తెలియదు.

మెట్లు దిగుతున్నాం. రెండో అంతస్తు మలుపులో అన్నయ్య ఆగిపోయాడు. బండి తాళాలు పిడికిట్లో బిగించి, రెయిలింగు పట్టుకున్నాడు.

"నేను అడగలేదే," అన్నాడు.

ఏం అడగలేదని నేను అడగలేదు.

"ఐదు రోజులు. ఒకే మంచం మీద. నేను ఒక్కసారి కూడా అడగలేదు."

పైకి వెళ్ళు అన్నయ్యా అన్నాను. ఇప్పుడైనా వెళ్ళి అడుగు అన్నాను. కింద రోడ్డు మీద ఎవరో మా వాళ్ళే, చర్చికి వెళ్తూ, తల ఎత్తి మా కిటికీ వైపు చూస్తున్నారు.

వాడు పైకి ఎక్కలేదు. కిందికీ దిగలేదు.